సైడింగులో చలికాలం

సరే అన్నాను. ఆగమనొచ్చు, ఎందుకనొచ్చు, అసలు నిజమే చెప్పేయొచ్చు, కానీ నా నోటికి ఆ రెండక్షరాలే దొరికాయి. ఫోనులో తిరుమల, నా భార్య, సికింద్రాబాద్ స్టేషన్ పదో నంబరు ప్లాట్‌ఫారం మీద నిలబడి, "ఏవండీ, బయల్దేరిపోయేను, కాగజ్‌నగర్ ఒస్తన్నాను, మూడూ నలభైకి బండట, రాత్రి తొమ్మిదికి దిగుతాను, స్టేషనుకి రండి, మీకు రగ్గు తెస్తన్నాను" అని ఒక్క గుక్కలో చెప్పింది. ఇప్పుడెందుకు, అని సగం అన్నాననుకుంటా. "ముప్ఫై ఏళ్ళ బట్టీ ఏదో పెట్టెలో ఉంటన్నానంటారు, రిటైరైపోయేలోపు అదేటో ఒక్కపాలి చూద్దామని. ఛార్జింగు లేదు, పెట్టేస్తన్నాను" అంది. అప్పుడు నేను సరే అన్నాను. తమాషా ఏమిటంటే ఆవిడ నిలబడ్డ చోటికీ నేను పడుకున్న బెర్తుకీ మధ్య కిలోమీటరున్నర కూడా లేదు. నేను కాగజ్‌నగర్లో లేను. దీపావళి వెళ్ళిన మూడోరోజు నుంచీ, అంటే ఈ చలికాలం మొత్తం, ఇదే సికింద్రాబాద్ యార్డు చివర సైడింగులో, బళ్ళు తిరగని పక్క పట్టాల మీద ఉన్నాను. మల్కాజ్‌గిరిలో మా ఇంటికి ఇక్కణ్ణించి ఆటోలో పావుగంట. ఈ సంగతి మా ఇంట్లో తెలియదు.

తిరిగి చేశాను, స్విచ్ఛాఫ్. మళ్ళీ చేశాను, మళ్ళీ అదే ఆడగొంతు, అదే మర్యాద. గడియారంలో రెండూ యాభై. చొక్కా వేసుకుని పరిగెత్తాల్సిన మనిషిని, మళ్ళీ వెల్లకిలా పడుకుని పైకి చూస్తున్నాను. పైన నాతో పనిచేసే సూరిగాడి బెర్తు అడుగున తుప్పు మరకలు, నా సర్వీసులో సగం ఈ మరకలు చూస్తూనే గడిచింది. క్యాంపు కోచంటే ఇంతే, ముసలిదైపోయిన ప్యాసింజరు పెట్టెలో సీట్లు పీకేసి, ఆరు బెర్తులు, ఓ వంటగది, పైన నీళ్ళ ట్యాంకు పెట్టి మాకిచ్చేస్తారు. మేము టాంపింగ్ మిషను వాళ్ళం, పట్టాల కింద కంకర కుదించే పని. మిషను ఎక్కడికి పోతే మా ఇల్లు దాని తోక పట్టుకుని అక్కడికి పోతుంది. ఇరవై రోజులు పని, వారం రెస్టు, మళ్ళీ ఇరవై రోజులు. పెళ్ళిచూపుల్లో మామగారు, అబ్బాయికి క్వార్టర్సు ఇస్తారా అని అడిగితే మా నాన్న, చక్రాలున్న క్వార్టర్సండీ అన్నాడు, అందరూ నవ్వారు, తిరుమల కూడా తల వంచుకునే నవ్వింది. విజయనగరంలో ఆ నవ్వు, ఇవాళ పదో నంబరు మీద రగ్గు మూట, మధ్యలో ముప్ఫై రెండేళ్ళు. అందులో నేను ఇంట్లో ఉన్న రోజులన్నీ కలిపితే ఎనిమిదేళ్ళు. ఈ లెక్క మొన్నామధ్య ఖాళీగా కూర్చుని వేశాను, వేయకుండా ఉండాల్సింది.

ఖాళీ అంటే ఎంత ఖాళీ. మిషను ఓవర్‌హాలింగుకని కాగజ్‌నగర్ నుంచి తెచ్చి ఇక్కడ పెట్టారు, ఏదో సామాను రావాలట, అదొచ్చేదాకా పనేం లేదు, కోచికి కాపలా మాత్రం ఎవరో ఒకరుండాలి. నేనుంటానన్నాను. సూరిగాడు, "మీ ఇల్లు ఇక్కడే కదండీ బాబూ, మీరుండడమేటి" అని ఓ వారం ఆశ్చర్యపోయాడు, రెండో వారం వంతు తప్పినందుకు సంతోషించి శ్రీకాకుళం వెళ్ళిపోయాడు. మొదట్లో ఇదో చిన్న పేటలాగే ఉండేది. బ్రిడ్జి పనివాళ్ళ కోచి, వెల్డింగు వాళ్ళ కోచి, మాది, మూడూ వరసగా. పెట్టెకీ పెట్టెకీ మధ్య దండేల మీద లుంగీలు, పొద్దున్నే మూడు వంటగదుల పోపులు. బ్రిడ్జి వాళ్ళ కాలేబు నూనెడబ్బాలో పుదీనా వేశాడు, పచ్చడి నూరి గిన్నెతో తెచ్చిచ్చేవాడు, సాయంత్రం మెట్ల మీద కూర్చుని వాళ్ళావిడ గురించీ ఆవిడ షుగరు గురించీ చెప్పేవాడు. ఓ రోజు పొద్దున తలుపు తీస్తే పక్కిల్లు లేదు. వట్టి పట్టాలున్నాయి. తెల్లారకుండానే ఇంజనొచ్చి లాక్కుపోయింది, మాకిది మామూలే, వెళ్ళొస్తానని చెప్పే అలవాటే ఉండదు. పుదీనా డబ్బా మాత్రం మా మెట్ల దగ్గర పెట్టి పోయాడు. తర్వాత వెల్డింగు వాళ్ళూ పోయారు. పగలు పక్క లైన్ల మీద బళ్ళు పోతుంటాయి, కిటికీల్లో మొహాలన్నీ ఎవరిళ్ళకి వాళ్ళు పోతున్న మొహాలు, నేను మెట్ల మీద బియ్యం ఏరుకుంటూ కూర్చుంటాను. మా హెల్పరు రాని రోజు సాయంత్రానికి గొంతు సవరించుకోవాల్సి వచ్చేది, పొద్దుట్నుంచీ వాడలేదు కదా.

వాడకపోతే ఏం, ఏడింటికి ఇంటికి ఫోను చెయ్యాలి కదా, అబద్ధానికి. అసలు ఇదంతా దసరా రెస్టులో మొదలైంది. మాకో అలవాటుంది. కోచిలో గ్లాసు గట్టు మీద పెట్టం, సీసా అలమారలో పెట్టం, ఎప్పుడు ఏ ఇంజనొచ్చి గుద్దుతుందో తెలీదు, పెట్టెలు జోడించే షంటింగు చప్పుడు దూరాన వినపడగానే ఎవడో ఒకడు "సామాన్లు కట్టండి!" అని అరుస్తాడు, అన్నం ముందున్నా వదిలేసి ఎవడి చేతికందింది వాడు కింద పెట్టేస్తాం. దసరా మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో పడుకున్నాను. మల్కాజ్‌గిరి స్టేషను వైపు ఇంజను కూసినట్టుంది, వ్యాగన్లు తగిలిన చప్పుడూ వచ్చింది. సగం నిద్రలోనే లేచాను. తిరుమల కొత్తగా చేయించుకున్న అద్దాల అలమారలోంచి పచ్చడి జాడీలు, పింగాణీ కప్పులు, మా అమ్మాయి పంపిన పూలకూజా, అన్నీ దించి గచ్చు మీద పేపర్లు పరిచి సర్దేశాను, ఫ్రిజ్జు తలుపుకి తువ్వాలు కట్టాను, కట్టేసి సామాన్లు కట్టండని అరిచానట. కళ్ళు పూర్తిగా తెరిచేసరికి గుమ్మంలో తిరుమల, ఆవిడ వెనక పక్కింటి పుష్పమ్మ. ఇద్దరూ నవ్వారు, నేనూ నవ్వాను. అక్కడితో అయిపోతే బాగుండేది. వాళ్ళు వరండాలోకి వెళ్ళి కూర్చున్నాక తిరుమల అంది, "ఆయనున్నన్నాళ్ళూ ఇల్లు కాదు పుష్పమ్మా, రైలే. ఏ గ్లాసు ఎక్కడ పెట్టాలో నాకే తెలీదు. సోమవారం ఎల్తారు కదా, అప్పుడు కాళ్ళు చాపుకుంటాను."

అందులో కోపం లేదు, అదే నన్ను పట్టుకుంది. తిట్టయితే తిరిగి తిట్టొచ్చు, తిట్టుకోవడం సంసారంలో ఉన్నదే. ఇది అలసట. బస్సులో పక్కసీటు వాడు దిగిపోతే అమ్మయ్య అనుకుంటామే, అంత మామూలుగా అంది. నేను లోపల జాడీలు ఒక్కోటీ మళ్ళీ అలమారలో పెడుతున్నాను, ఏది ఏ వరసలో ఉండేదో నాకు గుర్తు లేదు, నా ఇంట్లో నాకు తెలీదు, మాగాయ పక్కన ఆవకాయా, ఆవకాయ పక్కన చింతకాయా. తోచినట్టు పెట్టాను. ఆవిడ వచ్చి అన్నీ దించి మళ్ళీ సర్దుకుంది. అప్పుడనిపించింది, ఈవిడకి నేను చేయగలిగిన ఉపకారం ఒక్కటే, రాకుండా ఉండడం. ఇప్పుడు తలుచుకుంటే ఆ అనుకోవడంలో ఉపకారం కంటే ఉక్రోషమే ఎక్కువుందేమో. ఉందిలే. ఏనుగంత ఉంది.

తర్వాతి రెస్టు దీపావళికే పడింది, స్టాఫు లేరన్నాను. బ్లాకులున్నాయన్నాను, అంటే బళ్ళాపి లైను మాకప్పగించే గంటలు, పండగల్లో అసలివ్వరు, ఆవిడకేం తెలుసు. మూడోరోజు కోచి ఇక్కడికొచ్చింది, ఆ సాయంత్రం ఫోనులో ఎక్కడున్నారంటే సికింద్రాబాద్ అనబోయి కాగజ్‌నగర్లోనే అన్నాను. రేపు చెబుదాం అనుకున్నాను, ఆ తర్వాత రెస్టొచ్చిన ప్రతిసారీ స్టాఫు లేరనే అన్నాను. ఒక్క అబద్ధమాడితే దాన్ని పెంచడానికి రోజూ మేత వెయ్యాలి. చలి ఎలగుందంటే చలి కల్పించాను, పొద్దున్నే కుళాయి తిప్పితే వేళ్ళు కొంకర్లు పోతున్నాయన్నాను, మంట వేసుకుని కూర్చుంటున్నాం అన్నాను, ఇక్కడ మధ్యాహ్నం ఫ్యాను వేసుకుని పడుకుంటూ. మోండా మార్కెట్‌కి కూరగాయలకెళ్తే మంకీ క్యాపు కళ్ళదాకా లాక్కుని వెళ్ళేవాణ్ణి, పన్నెండింటి ఎండలో మంకీ క్యాపు పెట్టుకున్న మొనగాణ్ణి ఊరంతటికీ నేనొక్కణ్ణే. ఓ రోజు పుష్పమ్మ ములక్కాడలు బేరమాడుతూ కనిపించింది, ఉల్లిపాయల బస్తాల వెనక నక్కాను. కొట్టువాడు దొంగనుకున్నాడు, వాడిదేం తప్పు లేదు.

ఒక్కసారి మాత్రం వెళ్ళాను. డిసెంబరులో, ఓ ఆదివారం సాయంత్రం, ఎంఎంటీఎస్ లోకల్ బండెక్కి మల్కాజ్‌గిరిలో దిగి, మా సందు మొగదాకా వెళ్ళాను. వంటింట్లో లైటుంది. కిటికీలోంచి పోపు చప్పుడు రాలేదు గానీ తిరుమల గొంతు వినిపించింది, ఎవరితోనో ఫోనులో, ఏదో అని గట్టిగా నవ్వింది. చూశావా, సుఖంగా ఉంది, అనుకున్నాను, అనుకుని గెలిచినట్టు వెనక్కి తిరిగాను, స్టేషనుకొచ్చి బల్ల మీద కూర్చుని రెండు బళ్ళు వదిలేశాను. మనిషి తన ఇంటి ముందు తనే దొంగలా నిలబడితే ఎలా ఉంటుందో ఎవరికీ చెప్పుకోలేను. చెప్పుకుంటే, లోపలికెళ్ళొచ్చు కదరా అంటారు. అంతే కదా ఎవరైనా అనేది.

ఇంకా తొమ్మిది రోజులే. జనవరి ముప్ఫై ఒకటిన దండ వేసి, ట్రంకుపెట్టె చేతికిచ్చి పంపిస్తారు. అప్పుడు వారం రోజుల చుట్టం కాదు, ప్రతి రోజూ, ప్రతి పూటా, ఆవిడ ఇంట్లో నేను. ఏ కుర్చీలో కూర్చోవాలి, టీవీ ఎవరిది, మంచానికి గోడ వైపెవరు. ముప్ఫై ఒకటి తర్వాత కూడా ఇక్కడే ఏదో కాంట్రాక్టు పని చూసుకుందామని ఫోనులో సూరిగాడి చెవిలో ఓ మాట వేశాను కూడా. ఇన్ని వేషాలేసి ఆవిడకి దూరంగా ఉంటే, ఆవిడ నా కోసం మూట కట్టుకుని మహారాష్ట్ర సరిహద్దుకి బయల్దేరింది. ఒంటరిగా రైలెక్కి ఎరగదు. ఎప్పుడెక్కినా పక్కన నేనో, అమ్మాయో. రాత్రి తొమ్మిదింటికి ఆ స్టేషన్లో దిగి అటూ ఇటూ చూస్తుంది.

"ఏంది సార్, గిట్ల పన్నరు? పానం మంచిగ లేదా?" సోమయ్య టీ తెచ్చాడు. మా హెల్పరు, ఘట్‌కేసర్ వాడు, పొద్దున వచ్చి రాత్రి ఎనిమిదింటికి ఇంటికి పోతాడు.

"మా ఆవిడ కాగజ్‌నగర్ వెళ్తోంది సోమయ్యా."

"ఆడెవరున్నరు?"

"నేనున్నాను."

గ్లాసు నా చేతికిచ్చాడు. ఎదురు బెర్తు మీద కూర్చున్నాడు, మామూలుగా నా ముందు కూర్చోడు. "సార్, తప్పుగ అనుకోకుండ్రి. మూడు నెలల సంది చూస్తున్న. ఇల్లు గీడనే ఉన్నది, మీరేమో గీడ కావలుంటున్రు. ఇంట్ల లొల్లేమో అనుకున్న. రోజు సాయంత్రం ఫోన్ల మంచిగనే మాట్లాడ్తరు, లొల్లి సుత లేదు. మరి గీ తక్లీఫంత ఎవలికోసం?"

"ఆవిడ సుఖంగా ఉంటుందని."

"ఆమెనడిగిన్రా?"

టీ తాగాను. అడగడం అనేది ఒకటుందని ఈ మూడు నెలల్లో నాకు తట్టలేదంటే ఎవరూ నమ్మరు. "మూడూ పది అయితుంది సార్, జెర జల్ది లేవుండ్రి" అన్నాడు సోమయ్య.

లేచాను గానీ, నా బుద్ధి నన్నెప్పుడు వదిలింది. ముఖం కడుక్కుంటుంటేనే కొత్త ఆలోచన. అదే బండి వెనక జనరల్ బోగీలో నేనూ ఎక్కేస్తాను. కాగజ్‌నగర్లో ఆవిడ దిగేలోపు అవతలి వైపు దిగి, చుట్టు తిరిగి, గేటు దగ్గర వణుకుతూ నిలబడతాను. అక్కడ ఏదో ఒక సైడింగులో ఎవరిదో ఒకరిది క్యాంపు కోచి ఉండకపోదు, తెలిసినవాళ్ళే ఉంటారు, ఇదీ మా ఇల్లని చూపిస్తాను. రేపు పొద్దున్నే ఇద్దరం కలిసి తిరిగొచ్చేస్తాం. ఎంత బాగుంది, ఎవరికీ నొప్పి లేదు. స్వెట్టరు సంచిలో కుక్కాను, మంకీ క్యాపు పెట్టుకున్నాను, దువ్వెన కూడా వేసుకున్నాను. సోమయ్య నేను నిజం చెప్పడానికే వెళ్తున్నాననుకుని, మంచిగ పోయిరాండ్రి సార్ అని మెట్ల దాకా వచ్చాడు.

కంకర మీద నడక నాకు రోడ్డు మీద నడక కంటే సులువు. పట్టాల కింది స్లీపరు దిమ్మ మీద కాలు, స్లీపరు మీద కాలు, పక్కన గూడ్సు నిలబడి ఉంది, దాని నీడలో నడుస్తున్నాను. రాత్రి తొమ్మిదింటికి ఏమనాలో నోట్లో అనుకుంటున్నాను, అబ్బ, వచ్చేశావా, చలి చంపేస్తోందే. ఇంకోసారి, కొంచెం వణుకుతో. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారైనా ఆవిణ్ణి, రావే, నా కోచి చూద్దువుగాని అన్నానా. ఒక్కసారి అమ్మాయి అడిగింది, నాన్నా నీ రైలింట్లో నేనూ పడుకుంటా అని, ఆడపిల్లలు రాకూడదమ్మా అక్కడికి, అన్నాను, అలాంటి రూలేమీ లేదు, నేనే పెట్టాను. ఇంట్లో నాకు చోటు లేదని ఏడుస్తున్నాను గానీ నా దగ్గర వాళ్ళకి చోటెప్పుడిచ్చాను. ఈ మాట నడకలో ఎక్కణ్ణించో వచ్చింది, వచ్చి ఊరుకోలేదు, ప్లాట్‌ఫారం వాలు ఎక్కేదాకా వెంటే వచ్చింది.

మూడూ ముప్ఫై. పదో నంబరు నిండా జనం, అంతా పల్చటి చొక్కాల్లో, చేతిలో పేపర్లతో విసురుకుంటున్నారు. తిరుమలని వెతకనక్కర లేకపోయింది. స్తంభం పక్కన బల్ల చివర కూర్చుని ఉంది, నా వైపు వీపు. ఆ ఎండలో ఆవిడ స్వెట్టరు వేసుకుని ఉంది. అదీ పొడుగు చేతులది. తల చుట్టూ శాలువా, చెప్పుల్లో మేజోళ్ళు. మెడ వెనక చెమట ధారగా కారుతోంది, కొంగుతో తుడుచుకుని మళ్ళీ శాలువా సరిచేసుకుంటోంది, తీయడం లేదు. అక్కడి చలికి ఇక్కణ్ణించే తయారై వెళ్తోంది. కాళ్ళ దగ్గర రగ్గు మూట. పక్కన కూర్చున్నావిడ ఏదో అడిగింది, తిరుమల ఏదో చెప్పి నవ్వింది, మా ఆయన దగ్గరికి అని ఉంటుంది. పదిహేనడుగుల దూరంలో మంకీ క్యాపుతో నేను, నా చలి నటన నోట్లో సిద్ధంగా పెట్టుకుని. సిగ్గేసింది. ఇన్ని నెలల్లో మొదటిసారి నా మీద జాలి కాకుండా సిగ్గేసింది.

బండొచ్చింది. జనం లేచారు, ఆవిడా లేచింది, మూట ఎత్తబోయి ఎత్తలేక రెండు చేతులా పట్టుకుని ఈడ్చింది, "కాగజ్‌నగర్ ఎల్తాది కదమ్మా ఇది?" అని ఎవరినో అడిగింది. వెనక బోగీ అటు. నేను ఇటు నడిచాను. మూటకి రెండో వైపు పట్టుకుని ఎత్తాను. థాంక్సండీ అంటూ తిరిగి, చూసింది. నా టోపీ చూసింది, చెప్పులు చూసింది, మళ్ళీ మొహం చూసింది.

"ఇదేటి, ఎప్పుడొచ్చేరు?"

ఇవాళే అని చెప్పొచ్చు. నిన్ను తీసుకెళ్దామనే వచ్చానని చెప్పొచ్చు, నమ్ముతుంది కూడా, సంతోషిస్తుంది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది.

"దీపావళి నుంచీ ఇక్కడే ఉన్నాను, తిరుమలా."

"ఇక్కడే అంటే?"

"ఇక్కడే. యార్డులో. కాగజ్‌నగర్లో లేను. నువ్వు పుష్పమ్మతో అన్నమాట విన్నాను, నేను వెళ్తే కాళ్ళు చాపుకుంటానన్నావు. అందుకని రాలేదు."

బండి కూసింది. ఎక్కాల్సిన వాళ్ళు మమ్మల్ని తోసుకుంటూ ఎక్కుతున్నారు. ఆవిడ ఎక్కలేదు. పెట్టెలు ఒక్కోటే కదిలి పోతుంటే వాటి వంకే చూస్తూ నిలబడింది, ఆఖరి పెట్టె వెనక ఎర్రదీపం వంపు తిరిగేదాకా చూసింది. తర్వాత మూట మీదే కూలబడింది. శాలువా విప్పి ఒళ్ళో పెట్టుకుంది, జుట్టంతా చెమటకి నుదుటికి అతుక్కుపోయి ఉంది. తిడుతుందని చూస్తున్నాను, తిట్టాలని కోరుకుంటున్నాను. ఆవిడ నా వైపు చూడకుండా, ఖాళీ పట్టాల వైపు చూస్తూ అంది.

"రోజూ పొద్దున్న పేపరొస్తే ముందు కాగజ్‌నగర్లో చలెంతుందో చూస్తన్నానండి. మొన్న ఆరు డిగ్రీలని రాసేరు. మీకు సరైన రగ్గు లేదని ఆ రాత్రి నేనూ ఏటీ కప్పుకోకుండా పడుకున్నాను, ఎలగుంటాదో చూద్దామని."